పాథేయం, ఆతిథేయం – పడవ మూటలో దాగిన చరిత్ర



ముందుగా ఒక వ్యాకరణ ముచ్చట. సంస్కృతంలో 'పథిన్' అంటే దారి. దారికి పనికివచ్చేది 'పాథేయం'. 'అతిథి' శబ్దం నుంచి వచ్చినది 'ఆతిథేయం', అంటే అతిథి పట్ల సాధువైనది. పాణిని ఈ రెండు రూపాలకూ ఒకే సూత్రంలో, ఒకే ప్రత్యయంతో వ్యుత్పత్తి చెప్పాడు. వ్యాకరణంలో అన్నదమ్ములైన ఈ మాటలు లోకవ్యవహారంలో మాత్రం త్రాసుకు రెండు పళ్ళేలు. ఇంటినుంచి మనం కట్టుకుపోయేది పాథేయం. దారిలో ఎదుటివాడు పెట్టేది ఆతిథేయం. రెండవది బరువెక్కినకొద్దీ మొదటిది తేలికపడుతుంది. దారి పొడుగునా అన్నం పెట్టే చేతులుంటే భుజాన మూట అక్కరలేదు. ఎవరూ లేని దారిలో ఉప్పుగల్లు దగ్గరనుంచి మోసుకుపోవాలి.

మన తెలుగువాళ్ళు పాథేయాన్ని 'దారిబత్తెం' అన్నారు. కాస్త ఇంపుగా 'చల్ది' అన్నారు. 'చద్దిమూట' అన్నారు. ఇవాళ ఆ మూటను విప్పి చూద్దామని నా కోరిక. రెండుమూడు రోజులు నీటిమీదనే గడపవలసిన ప్రయాణానికి మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల వాళ్ళు ఏమేమి సర్దుకునేవారు? ఎందుకు సర్దుకునేవారు? రాజుల దండయాత్రలకు శాసనాలున్నాయి గాని, ఒక ఇల్లాలు ట్రంకు పెట్టెలో ఏది అడుగున పెట్టింది, ఏది పైన పెట్టింది అన్నదానికి శాసనం లేదు. అయినా ఆ పెట్టె చెప్పే చరిత్ర తక్కువది కాదు.

పడవల కాలానికి ముందు దూరప్రయాణం ఎలా ఉండేదో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను మించిన ఆధారం లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉండిన ఆయన 1830 మే 18న బయలుదేరి, పదిహేను నెలలకు పైగా తిరిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆ గ్రంథం 1838లో అచ్చయింది. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి. నేటి పాఠకుడికి అదంతా ఆర్భాటంలా కనిపించవచ్చు. కాని ఆ పుస్తకంలో ఆయన ప్రతి మజిలీ దగ్గరా దేనిని గమనించారో చూడండి. ఈ ఊళ్ళో అంగళ్ళున్నాయా, దిగడానికి చోటున్నదా, నీరు మంచిదేనా! నూరుమంది పరివారం ఆయన హోదా చూపించుకోవడానికి కాదు. దారి ఏమిస్తుందో తెలియని కాలంలో ఒక చిన్న ఊరినే మోసుకుపోవడం అది. ఆతిథేయం అనిశ్చితమైనచోట పాథేయం ఊరంత అవుతుంది.

ఆ స్థితిని మన జిల్లాలలో మార్చినది కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి నిలిచింది. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ పొలానికి నీరిచ్చేది మాత్రమే కాదు, సరుకునూ మనిషినీ మోసే బాట కూడా. అందుకే పెద్ద కాలువలను పడవలు నడిచేటట్టు త్రవ్వించి, నీటిమట్టం మారేచోటల్లా లాకులు కట్టించారు. పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. బెజవాడ నుంచి కృష్ణ కాలువ కూడా ఏలూరే వస్తుంది. ఇటు గోదావరి నీరు, అటు కృష్ణ నీరు మా ఏలూరులో ఒకచోటికి చేరడం ఈ ఊరి ప్రత్యేకత. రెండు నదులనూ కలిపే ఈ మార్గం మొత్తం పొడవు 139 కిలోమీటర్లు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. రెండు వైపులనుంచీ నీరు ఏలూరుకే పల్లంగా వస్తుంది. కనుక బెజవాడలో ఎక్కి రాజమహేంద్రవరం పోయేవాడికైనా, అక్కడ ఎక్కి ఇక్కడికి వచ్చేవాడికైనా సగం దారి వాలు, సగం దారి ఎదురు. వాలులో, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. ఎదురులో కళాసులు గట్టు దిగి, మోకు భుజాన వేసుకుని పడవను లాగేవారు. అంటే పడవ వేగం మనిషి నడకే. రోజుకు పది గంటలు లాగినా, లాకుల దగ్గర ఆగినదీ కలుపుకుంటే, ఈ కొసనుంచి ఆ కొసకు మూడు నాలుగు రోజులకు తక్కువ లెక్క తేలదు. నందమూరు దగ్గర కింద ఎర్రకాలువ పారుతూ ఉంటే, పైన కట్టిన అక్విడక్టు మీద పడవ సాగిపోయేది. నీటిమీద నీరు, దానిమీద పడవ! మొదటిసారి చూసిన పల్లెటూరి పిల్లలకు అది ఇంద్రజాలమే.

మూడు రోజుల కాపురానికి ఆ రహదారీ పడవలో మనిషికి దొరికే చోటు ఒక చాప పరచినంత. ఆ చాపకు సరిపోయేటట్టు సంసారాన్ని కుదించడమే సర్దుబాటు విద్య.

మా నాయనమ్మ నిడదవోలు ప్రాంతంలోని పుట్టింటినుంచి ఏలూరుకు పడవమీదనే కాపురానికి వచ్చింది. మూట కట్టడం గురించి ఆవిడకు కొన్ని సిద్ధాంతాలుండేవి. "ముందు కావలసింది పైన, ఊరు చేరాక కావలసింది అడుగున. పోతే ఊరుకునేది చేతిలో, పోతే ఏడ్చేది ఒంటిమీద" అనేది. నగా నట్రా, డబ్బు జాలెలో పోసి నడుముకు కట్టుకోవాలన్నమాట. పెట్టెను పడవ అడుగున నేరుగా పెట్టకూడదు. ఎంత మంచి పడవకైనా అడుగున కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. రెండు చెక్కలు వేసి, వాటిమీద పెట్టె పెట్టి, పైన గోనె కప్పాలి. పట్టుచీర పెట్టె నడిమికి రావాలి. చెమ్మ కిందనుంచీ వస్తుంది, చినుకు పైనుంచీ పడుతుంది గనుక నడుమ ఉన్నదే భద్రం. నేడు కొండనదుల మీద తెప్పలు నడిపేవారు నీరు చొరని సంచులలో బట్టలు చుట్టి మూతి బిగిస్తారని చదివినప్పుడు, నాయనమ్మ గోనెపట్టా నాకు గుర్తుకు వచ్చింది. సంచి మారింది గాని సూత్రం మారలేదు.

మూటలో ఏముండేవి? చాప, దుప్పటి, తలకింద పెట్టుకోవడానికి చిన్న బట్టలమూట. గొడుగు, విసనకర్ర. లాంతరు, అగ్గిపెట్టె. మడి పాటించేవారికి పట్టుబట్టో ధావళో విడిగా, ఎవరి చెయ్యీ తగలనిచోట కట్టి పెట్టినది. విస్తరాకుల కట్ట. చిన్న ఇత్తడి గిన్నె, గరిటె, చెంబు. ఆవకాయ జాడీ మూతికి గుడ్డ వాసెన కట్టి, జాడీని బట్టల నడుమ కుదురుగా ఇరికించినది. ఆవనూనె కాదు, నువ్వులనూనె సుమా! అది ఒలికితే ఆ మూటలో మరేదీ పనికిరాదు.

అన్నం విషయంలో ఒక క్రమం ఉండేది. మొదటిరోజుకు పులిహోర. చింతపండు పులుపు, నూనె దానిని త్వరగా చెడనివ్వవు. రాత్రికి పెరుగన్నం. అందులో ఒక యుక్తి. వేడి తగ్గిన అన్నంలో పాలు పోసి, రెండు చుక్కలు మజ్జిగ తగిలించి మూట కట్టేవారు. పడవ సాగుతుంటే పాలు తోడుకుని, తినే వేళకు కమ్మని పెరుగై ఉండేది. మరునాడు మినపరొట్టె, అటుకులు, బెల్లం. మూడవనాడు ఇక బియ్యం తీయవలసిందే. లాకు దగ్గర పడవ ఆగినప్పుడు గట్టుమీద మూడు రాళ్ళు పెట్టి, పుల్లలేరి, కందిపొడీ చింతపండూ ఉంటే చాలన్నట్టు అత్తెసరు పడేసేవారు. లాకు అంటే రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీరు నింపో దింపో, పై మట్టానికో కింది మట్టానికో చేర్చే కట్టడం. ముందు నాలుగు పడవలుంటే ఆలస్యమే. ఆ ఆలస్యమే ప్రయాణికులకు స్నానం, వంట, భోజనం. లాకు ఇంజనీరు కట్టినది పడవకోసం గాని, జనం దానిని మజిలీగా మార్చుకున్నారు.

కొత్తగా కాపురానికి వెళ్ళే పిల్ల వెంట మరొక బరువుండేది. అది సారె. అరిసెలు, చలిమిడి, సున్నుండలు. అరిసె పాకానికి చెడదు. నెలరోజులైనా నిలుస్తుంది. పడవ కుదుపుకు విరగదు. అది ప్రయాణంలో తినడానికి కాదు, అత్తవారి ఊళ్ళో ఇంటింటికీ పంచడానికి. అంటే పాథేయంతోపాటు ఆతిథేయాన్ని కూడా పుట్టింటివారే కట్టి పంపేవారన్నమాట.

ఇక నీళ్ళు. మూటకంతటికీ ప్రాణం ఇక్కడ ఉన్నది. ఆ కాలపు ప్రయాణికుడి చేతిలో తప్పనిసరిగా ఉండే వస్తువు మరచెంబు. మర అంటే తిప్పి బిగించే చుట్లు. మెడకు మర, దానికి బిగుతైన మూత. తలకిందులు చేసినా చుక్క కారదు. మూతే తాగడానికి గ్లాసు. కంచరి పనితనానికి అదొక చక్కని నిదర్శనం. దానితోపాటు కొంగున ముడివేసిన నాలుగు చిల్లగింజలు.

చిల్లగింజను నేటి పిల్లలు ఎరుగరు. సంస్కృతంలో దానిని కతకం అంటారు. ఆషాఢ శ్రావణాల్లో గోదావరి ఎర్రబారి, కాలువనిండా బురదనీరే. ఆ నీటిని కుండలో పట్టి, గింజను కుండ లోపలి అంచున కాస్త అరగదీసి కలిపితే, కొంతసేపటికి మన్ను అడుగున పేరుకుని పైన తేట నిలుస్తుంది. గింజలోని పదార్థం నీటిలో తేలే మట్టికణాలను ఒకటిగా చేర్చి బరువెక్కిస్తుంది. శాస్త్రం చెప్పే కారణం అదే. మనుస్మృతి కూడా ఈ గింజను దృష్టాంతంగా వాడుకుంది. గింజ పేరు జపించినంత మాత్రాన నీరు తేటపడదనీ, పని చేయాలనీ దాని తాత్పర్యం.

అయితే పూర్వకాలపు నీళ్ళన్నీ అమృతమని భ్రమించవద్దు. చిల్లగింజ మన్నును దింపుతుంది గాని రోగక్రిమిని చంపదు. కలరా ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిన రోజులవి. తెలిసినవారు నీళ్ళు కాచి తాగేవారు. తెలియనివారు దేవుడిమీద భారం వేసేవారు. ఒక్క మాట మాత్రం నిజం. నీటిమీద పోయేవాడు నీటిని మోసుకుపోవాలన్న ఆలోచన అప్పటివారికి లేదు. చెంబు ఉంటే చాలు, నీరు కాలువే ఇచ్చేది. దారి పెట్టే ఆతిథ్యంలో అది మొదటిది.

రెండవది అన్నం. కాలువల వెంట, రేవుల వెంట సత్రాలు వెలిశాయి. రాజమహేంద్రవరంలో నాళంవారి సత్రం పేరు వినని ప్రయాణికుడు లేడు. ఇక కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి (1841–1909) ఇంటిని గురించి చెప్పనవసరం లేదు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారికి వేళగాని వేళ అయినా ఆ ఇంట పొయ్యి వెలిగేదని, కులమేమిటని అడగకుండా విస్తరి వేసేవారని ఆ సీమ అంతా చెప్పుకుంటుంది. ఒక్క ఇల్లాలు ఒక్క ఊళ్ళో పొయ్యి ఆర్పకుండా ఉంచితే, ఆ దారిన పోయే వేలమంది మూటలు తేలికపడ్డాయి. అన్నదానాన్ని పుణ్యం లెక్కలోనే చూస్తాం గాని, ప్రయాణాల చరిత్రలో అదొక రహదారి వేసినంత పని.

సీతమ్మగారిని జనం అంతగా తలచుకోవడానికి కారణం కూడా ఆలోచించాలి. కులం అడగని ఇల్లు అరుదు కనుకనే ఆ ఇల్లు కథ అయింది. చాలా సత్రాల తలుపులు కొందరికే తెరుచుకునేవి. ఊరి బావిలో చేద వేయడానికి కొందరికే హక్కు. సత్రంలో విస్తరి దొరికే బ్రాహ్మణ ప్రయాణికుడు చేతిలో మరచెంబుతో దిగి వెళ్ళగలిగేవాడు. ఆ తలుపు తెరుచుకోని మాల మాదిగ ప్రయాణికుడు ప్రతి పూటకూ గింజలు, కుండ, పుల్లలు కూడా వెంట తెచ్చుకోవాలి, లేదా పస్తుండాలి. పాథేయం ఎవరికి ఎక్కువ అవసరమో, దానిని సమకూర్చుకునే శక్తి వారికే తక్కువ. పడవ మూటలో నేను చూసిన చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నదనిపిస్తుంది. మూట బరువు మనిషి సంపదను చెప్పదు. లోకం అతడికి ఎన్ని తలుపులు మూసిందో చెబుతుంది.

మనలను మోసిన కళాసి మూట ఎంత? ఒక గొంగళి, ఒక కుండ, గుడ్డలో కట్టిన బియ్యమో చోళ్ళపిండో, ఉప్పు, మిరపకాయలు, లంకపొగాకు చుట్టలు. గొంగళి వానకు గొడుగు, చలికి దుప్పటి, మోకు కోసుకోకుండా భుజాన మెత్త. ఒకే వస్తువు మూడు పనులు చేయాలన్న నియమాన్ని అతడికి ఎవరూ నేర్పలేదు. పేదరికమే నేర్పింది. పైన మన్యం నుంచి శబరి, గోదావరుల మీద వెదురు, కలప తెప్పలుగా కట్టి దిగువకు తెచ్చేవారిదీ అదే తీరు. తెప్పకు గూడు లేదు, అంచు లేదు. వస్తువును కట్టివేయకపోతే నదిదే.

ఇక కొల్లేటికి వద్దాం. కాలువ పడవ ఇల్లయితే, కొల్లేటి దోనె కాలిజోడు. తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తని దూటు తొలిచేస్తే దోనె. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు పొంగి లంకగ్రామాలను చుట్టుముట్టినప్పుడు సంతకు పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా, వైద్యుడి దగ్గరకు పోవాలన్నా దోనే. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు బంధువర్గమంతా కుండలూ చాపలూ బియ్యమూ వేసుకుని కదిలేవారు. దోనెలో సర్దడానికి కాలువ పడవ నియమాలు చాలవు. బరువు నడిమికి రావాలి, అడుగుకు రావాలి. ఎత్తైన మూట ఒక్కటి ఉన్నా దోనె ఊగుతుంది. కూర్చున్న మనిషి లేవకుండా చేతికి అందేటట్టు ప్రతి వస్తువూ ఉండాలి. లేచి నిలబడితే మూటా మనిషీ కలిసి నీళ్ళలోనే.

సామాను ఎక్కువైనప్పుడు రెండు దోనెలను పక్కపక్కన చేర్చి, అడ్డకర్రలు వేసి కట్టేవారు. దానికి మన భాషలో 'సంగడి' అని పేరు. ఇక్కడ నాబోటి తెలుగుపండితుడికి ఆగక తప్పదు. సంగడి అంటే చేరిక, స్నేహం. సంగడీడు అంటే స్నేహితుడు. ఒంటిగా ఊగే రెండు దోనెలు జతకూడితే స్థిరపడడం చూసి నీటిమీద మనవాళ్ళు వాడుకున్న మాట ఇది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' గ్రంథంలో మన తూర్పు తీరపు పడవల ప్రసక్తి వచ్చినచోట, దుంగలను జతచేసి కట్టిన 'సంగర' అనే ఓడలు కనిపిస్తాయి. ఆ మాట మన సంగడికీ, మలయాళపు చంగాడానికీ చుట్టమని పండితులు గుర్తించారు. రెండువేల ఏండ్ల మాట!

ఈ విద్య మన ఒక్కరిదే అనుకోవద్దు. 1869 మే నెలలో అమెరికాలో జాన్ వెస్లీ పావెల్ అనే ఒంటిచేతి మేజరు, తొమ్మండుగురు సహచరులతో, నాలుగు పడవలలో గ్రీన్, కొలరాడో నదుల మీద బయలుదేరాడు. నది ఏ లోయలలోనుంచి ఎలా పోతుందో సరిగా ఎవరికీ తెలియదు. ఒడ్డున సత్రం మాట అటుంచి, ఊరే లేదు. అందుకని పది నెలలకు సరిపడే తిండి వేసుకున్నాడు. ఒక పడవ పోయినా మిగిలినవారు బ్రతకాలని సామానును పడవలన్నిటికీ పంచాడు. తెలివైన పనే. కాని బారోమీటర్లు మాత్రం పొరపాటున అన్నీ ఒకే పడవలోకి చేరాయి. సరిగా ఆ పడవే సుడిలో బండను ఢీకొని ముక్కలైంది! శిథిలంలోనుంచి వాటిని ఎలాగో దక్కించుకున్నారు. తిండి మాత్రం తడిసి, బూజుపట్టి, చివరకు చెడిన పిండి, ఎండబెట్టిన ఆపిలు ముక్కలు, కాఫీ మిగిలాయి. ఆగస్టు నెలాఖరుకు లోయ దాటి బయటపడేసరికి ఒడ్డున చేపలు పడుతున్న సెటిలర్లు కనిపించారు. వారు తెప్పించి పెట్టినవాటిలో పుచ్చకాయలున్నాయి. పది నెలల పాథేయం మూడు నెలలకే అడుగంటిన మనిషికి ఆ పుచ్చకాయ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. లాకు దగ్గర పడవ దిగగానే ఎవరో ఇచ్చిన మజ్జిగ లోటాను మా నాయనమ్మ డెబ్బైయేళ్ళ తరువాత కూడా తలచుకునేది.

మన కాలువలకు తిరిగి వస్తే, రైలు 1890లలో ఈ దారిన వచ్చింది. 1900లో గోదావరిమీద హేవలాక్ వంతెన తెరుచుకుంది. మూడు రోజుల దారి పూటలోకి వచ్చింది. ఆవకాయ జాడీ ఒక్కసారిగా పోలేదు గాని చిన్నదయింది. చాప, దుప్పటి తోలుపట్టీల హోల్డాలులోకి చేరాయి. స్టేషన్లలో కాఫీ, ఇడ్లీ వచ్చాక మూడు రాళ్ళ పొయ్యి అక్కర తీరింది. హోటలులో డబ్బు ఇస్తే అన్నం వచ్చింది. కులం అడగని అన్నం అలాగైనా కొంతవరకు వచ్చింది. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టివేసేవారు గనుక వైశాఖపు పెళ్ళిళ్ళకు పడవ ఎలాగూ ఉండేది కాదు. ఆ లోటు రైలు తీర్చింది. తరువాత బస్సులు వచ్చి, 1960, 70ల నాటికి ప్రయాణికుల పడవలు కాలువలపై అరుదైపోయాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను ఏలూరు కాలువతో సహా నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. రహదారీ పడవ మాత్రం తిరిగి రాలేదు.

నేడు నీటి ప్రయాణమంటే మనకు పాపికొండల లాంచీ విహారం. ఆ మూటలో మనవారెవరూ ఎరుగని వస్తువొకటి చేరింది. తేలేందుకు తొడుక్కునే కోటు, లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో లాంచీ మునిగి నలభైమందికి పైగా పోయిన తరువాత ఆ కోటు విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉక్కగా ఉన్నదనో, ఫొటో బాగుండదనో దానిని విప్పి ఒడిలో పెట్టుకునే పిల్లలను చూస్తే నాయనమ్మ మాటనే మరోలా చెప్పాలనిపిస్తుంది. పోతే ఏడ్చేది ఒంటిమీదే ఉండాలి. ప్రాణంకన్న పోతే ఏడ్చేది ఏముంది?

రెండవ కొత్త వస్తువు నీళ్ళ సీసా. దీనిని గురించే నా బెంగ.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చేపలచెరువుల గట్లు పెద్దయెత్తున కొట్టించారు. అయినా పట్టణాల మురుగు, చెరువుల మందులు ఆ నీటిలోకి వస్తూనే ఉన్నాయి. చుట్టూ కనుచూపుమేర నీరున్న లంకలలో జనం తాగడానికి నీటి డబ్బాలు కొనుక్కుంటారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయి ఆసుపత్రులలో చేరినప్పుడు, అందరి అనుమానమూ మొదట పోయినది మంచినీళ్ళమీదకే. రెండు మహానదుల నీరు కలిసే ఊళ్ళో, తాగే నీళ్ళను చూసి భయపడ్డాం.

రైలు వచ్చి చాప బరువు తీసింది. హోటలు వచ్చి బియ్యం బరువు తీసింది. తలుపులు కొన్నయినా తెరుచుకుని, మూయబడినవారి మూట కొంత తేలికపడింది. ఇవన్నీ మంచి మార్పులే, సందేహం లేదు. కాని ఆ నాటి నిరుపేద కళాసి కూడా మోయనవసరం లేని ఒక్క బరువును మనం కొత్తగా ఎత్తుకున్నాం. నీటిమీద కూర్చుని నీళ్ళు మోసుకుపోతున్నాం. సత్రం పెట్టినది మనుషుల ఆతిథ్యం. కొందరికి పెట్టింది, కొందరికి పెట్టలేదు. నీరు పెట్టినది అందరికీ పెట్టిన ఆతిథ్యం. దానిని మనమే చెడగొట్టుకున్నాం. కతకం పేరు జపించినట్టుగా, నదులకు హారతులిచ్చినంతమాత్రాన అది తేటపడదు.

మీ ఇళ్ళ అటకలమీద మరచెంబు ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే, పడవ ప్రయాణానికి ఏమేమి కట్టుకునేవారో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. వస్తువుల పేర్లు, తిండి పేర్లు, పడవ భాగాల పేర్లు ఏ ఊరి మాట ఆ ఊరి యాసలోనే వ్రాసిపెట్టండి. గోదావరి తూర్పుగట్టువారికీ, కృష్ణవారికీ, కొమ్మమూరు కాలువ మీద తిరిగిన గుంటూరువారికీ వేరే మాటలుంటాయి. ఇక్కడ వ్యాఖ్యలలో పంచుకుంటే అందరం తెలుసుకుంటాం. వస్తువు పోయినా దాని మాట నిలిస్తే, వెనుక వచ్చేవారికి అదే దారిబత్తెం.

శుభం.